మతిమరుపు యంత్రం



జుమ్మెరాత్ అంటే ఉర్దూలో గురువారం. మా హైదరాబాదులో పురానాపూల్ దగ్గర ప్రతి గురువారమూ ఒక బజారు జరుగుతుంది. దాని పేరే జుమ్మెరాత్ బజారు. విరిగిన ఫ్యాన్లూ, తాళంచెవులు లేని తాళాలూ, తాళాలు లేని తాళంచెవులూ, పాత కుర్చీలూ - ఒకరికి అక్కరలేనిది ఏదైనా సరే, అక్కడికి వచ్చి చేరుతుంది. పింఛను తీసుకునే ముసలివాడికి అక్కడేం పని అని మా ఇంట్లో అడుగుతూ వుంటారు. నేను వినిపించుకోను.

కిందటి వేసవిలో అక్కడ, తెగిపోయిన చార్జర్ల కుప్పలో, ఒక సన్నని పెట్టె నా కంటబడింది. పొడుగు సుమారు 16 సెంటీమీటర్లు, మందం ఒక సెంటీమీటరు. ఒక పక్క ఇంగ్లీషు అక్షరాల మీటలు, మరొక పక్క అంకెల మీటలు. దాన్ని చూడగానే నా గుండె ఝల్లుమన్నది. నలభై ఏళ్ళ కిందట నేను ఎరిగిన యంత్రం అది! అమ్మేవాడు వంద రూపాయలన్నాడు. నేను బేరమాడకుండా ఇచ్చేసరికి వాడే ఆశ్చర్యపోయాడు.

దాని పేరు కాసియో పీబీ-100. జపాను కంపెనీవాళ్ళు 1982లో తెచ్చారు. చూపుకు క్యాలిక్యులేటరులాగే వుంటుంది గాని, అది జేబులో పట్టే కంప్యూటరు. తేడా ఏమిటంటారా? క్యాలిక్యులేటరుకు ప్రతిసారీ మీరే మీట నొక్కి, "ఇది కలుపు, అది తీసెయ్యి" అని చెప్పాలి. దీనికి ఆ ఆజ్ఞలన్నీ వరసగా ఒక్కసారి నేర్పితే చాలు, ఎన్నిసార్లయినా తానే చేస్తుంది. ఆ ఆజ్ఞల వరసనే ప్రోగ్రాము అంటారు. నేర్పటానికి బేసిక్ అనే భాష వున్నది. దీని తెర మీద ఒకేసారి 12 అక్షరాలు కనిపిస్తాయి. ప్రోగ్రాము మొత్తం 544 మెట్లలో ఇమిడిపోవాలి. మీ నాన్నగారి ఫోనులోని ఒక్క ఫోటోలో వెయ్యో వంతు కూడా ఇందులో పట్టదు!

నేను 1984లో పాతబస్తీలో లెక్కల మాస్టరుగా చేరాను. మహబూబ్ చౌక్‌లో గడియార స్తంభం వున్నది కదా, దానికి దగ్గరలో ఒక చాచా చేతిగడియారాలు బాగుచేస్తూ వుండేవాడు. దుకాణం ఎంత చిన్నదంటే, ఆయన లోపల కూర్చుంటే గిరాకీ వీధిలో నిలబడవలసిందే. దుబాయిలో పనిచేసే కొడుకు సెలవుకు వచ్చినప్పుడు ఆయనకు ఈ యంత్రం తెచ్చి ఇచ్చాడు. చాచాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఒకనాటి సాయంత్రం నన్ను పిలిచి, "మాస్టర్ సాబ్, గడియారంలో తేదీ వున్నది, వారమూ వున్నది. తేదీ చెబితే వారం చెప్పేట్టు దీనికి నేర్పగలమా?" అన్నాడు.

నేర్పగలం. కిటుకు మీకూ చెబుతాను, కాగితం తీసుకోండి. 1947 ఆగస్టు 15 ఏ వారం? సంవత్సరంలో చివరి రెండంకెలు 47. దాన్ని 4తో భాగిస్తే 11, శేషం వదిలెయ్యండి. తేదీ 15. ఇక నెలకొక అంకె వున్నది: జనవరి 0, ఫిబ్రవరి 3, మార్చి 3, ఏప్రిల్ 6, మే 1, జూన్ 4, జూలై 6, ఆగస్టు 2, సెప్టెంబరు 5, అక్టోబరు 0, నవంబరు 3, డిసెంబరు 5. అన్నీ కలిపితే 47, 11, 15, 2, వెరసి 75. దాన్ని 7తో భాగిస్తే శేషం 5. ఆదివారం 0, సోమవారం 1, అట్లా లెక్కపెట్టండి. 5 అంటే శుక్రవారం. స్వాతంత్ర్యం వచ్చింది శుక్రవారమే! లీపు సంవత్సరంలో జనవరి, ఫిబ్రవరి నెలలకు మాత్రం ఒకటి తగ్గించుకోవాలి.

రెండు వారాలు కుస్తీపట్టి చాచా, నేనూ దీన్ని యంత్రంలో ఎక్కించాము. ఎదుటి ఇరానీ హోటలువాడికి ఆ రెండు వారాలూ మంచి బేరం. ఇక చూడండి, బడి వదలగానే పిల్లలందరూ దుకాణం ముందు! "చాచా, నాది చెప్పు! చాచా, మా చెల్లిది చెప్పు!" అని ఒకటే గోల. నేనూ నా పుట్టినరోజు ఇచ్చాను, 1959 జూలై 1. యంత్రం బుధవారం అన్నది. మా అమ్మేమో నేను శుక్రవారం పుట్టానని ఎప్పుడూ చెప్పేది! యంత్రం తప్పా, అమ్మ తప్పా?

చాచా నవ్వి, "మిమ్మల్ని బళ్ళో చేర్చుకున్న మాస్టరును అడగండి" అన్నాడు. నిజమే. ఆ రోజుల్లో తేదీ తెలియని పిల్లవాడికి జూలై 1 అని రాసేసేవారు. దాచటమెందుకు, తరవాత నేనూ కొందరికి అట్లాగే రాశాను. ఇచ్చిన తేదీకి వారం చెప్పటమే యంత్రం పని. ఆ తేదీ నిజమో కాదో దానికేం తెలుసు?

ఇట్లా వుండగా ఒకనాడు చాచా బ్యాటరీలు మార్చాడు. అవి బిళ్ళల్లాంటివి, రెండు వుంటాయి. రెండూ ఒక్కసారే ఊడదీశాడు. కొత్తవి వేసి చూస్తే ప్రోగ్రాము లేదు! యంత్రానికి ఒక్క ముక్క గుర్తు లేదు. మళ్ళీ మూడు సాయంత్రాలు పట్టింది. ఈసారి చాచా ప్రతి వరసనూ తన బిల్లు పుస్తకం వెనక రాసుకుని, పక్కన ఎర్రసిరాతో ఉర్దూలో గుర్తులు పెట్టుకున్నాడు.

ఈ చిక్కు చాచా ఒక్కడిదే కాదు. చేతి కంప్యూటర్లు చేసినవారందరూ గుర్తును ఎక్కడ దాచాలా అని తలలు పట్టుకున్నవారే. పీబీ-100కు వేరే పరికరం తగిలిస్తే టేప్‌రికార్డరు క్యాసెట్టులో దాచవచ్చు. ఇంగ్లండులో సయాన్ కంపెనీ 1984లో చేసిన ఆర్గనైజరుకు చిన్న డబ్బాలు తగిలించేవారు. అందులో రాసింది చెరపాలంటే ఆ డబ్బాను అతినీలలోహిత కాంతి కింద పెట్టాలి! అమెరికాలో 1996లో పామ్ కంపెనీ పైలట్ వచ్చింది. దాన్ని తయారుచేయకముందు, జెఫ్ హాకిన్స్ అనే ఆయన అంత కొలతలో ఒక చెక్కముక్క చేయించి, జేబులో పెట్టుకు తిరిగి, మాటిమాటికీ తీసి రాసినట్టు నటించి చూశాడట. ఆ పైలట్ కూడా రెండు చిన్న బ్యాటరీలు అయిపోతే అన్నీ మరిచిపోయేది. అందుకని దాన్ని ఒక పీట మీద పెట్టి, లోపలిదంతా ఇంట్లోని పెద్ద కంప్యూటరులోకి నకలు తీసుకునేవారు.

మన పక్కనే, బెంగుళూరులో చేసిన సింప్యూటరు సంగతి నాకు మరీ ఇష్టం. భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్, వారితో ఎన్‌కోర్ కంపెనీ ఇంజనీర్లూ కలిసి దాన్ని 2001లో లోకానికి చూపారు. చదువురాని పల్లెవాడు కూడా తెర మీది బొమ్మను ముట్టుకుని పని చేసుకోవాలి, యంత్రం మన భాషలో పైకి చదివి వినిపించాలి - ఇదీ వారి కోరిక. ఊరికంతా ఒకటే యంత్రం వుంటే ఎవరి సంగతులు ఎక్కడ వుంటాయి? దానికి వారు చీటీ అంత కార్డు పెట్టారు. మీ కార్డు మీ దగ్గర, నా కార్డు నా దగ్గర. యంత్రం మాత్రం అందరిదీ! 2004లో అమిడా అనే రకం సుమారు పదివేల రూపాయల ధరకు బజారుకు వచ్చింది గాని, అనుకున్నన్ని అమ్ముడుపోలేదు. నాకది మంచి ఆలోచనగానే తోస్తుంది. ఒకటి దొరుకుతుందేమోనని ప్రతి గురువారమూ వెతుకుతున్నాను.

ఇక నా వంద రూపాయల యంత్రం సంగతి. చాచా 1998లో పోయాడు. ఆయన యంత్రం తెర నల్లబడి అంతకు ముందే పనికిరాకుండా పోయింది. బిల్లు పుస్తకం మాత్రం కొడుకు తెచ్చి నాకిచ్చాడు. ఇన్నేళ్ళూ అది నా పెట్టెలో వున్నది. కొత్త బ్యాటరీలు వేసి, నేను చదువుతూ వుంటే, ఆరో తరగతి చదివే మా మనవరాలు ఒక్కొక్క మీటే నొక్కింది. యంత్రం పలికింది! తన పుట్టినరోజు ఇచ్చింది: 14, 11, 14. శనివారం అని వచ్చింది. మా కోడలు ఫోనులో చూస్తే, 2014 నవంబరు 14 శుక్రవారం.

"మీ చాచా తప్పు రాశాడు తాతయ్యా!" అన్నది.

నాకు మనసులో కష్టం తోచింది. ఆయన వరస ఒక్కటీ తప్పు రాసే మనిషి కాదు. నా తేదీ ఇచ్చి చూశాను, సరిగ్గా బుధవారమే. ఆగస్టు 15 కూడా సరే. పిల్ల కాసేపు గోళ్ళు కొరికి, "ఇది సంవత్సరానికి రెండంకెలే అడుగుతున్నది తాతయ్యా! 14 అంటే 1914 అనుకున్నదేమో?" అన్నది. ఫోనులో చూశాము. 1914 నవంబరు 14 శనివారమే! యంత్రమూ, చాచా ఇద్దరూ ఒప్పే. 1999 చివర ప్రపంచంలోని ఎన్నో కంప్యూటర్లకు ఇదే గండం వచ్చింది. దాన్ని సరిచేసే పనికి మన తెలుగు కుర్రవాళ్ళు ఎందరో అమెరికా వెళ్ళారు.

అప్పుడు పుస్తకం కళ్ళద్దాలతో మళ్ళీ చూశాను. సంవత్సరం అడిగే వరస పక్కన ఎర్రసిరాతో చాచా ఉర్దూలో రాసి వున్నది: "1999 దాకానే. ఆ తరవాత చూడాలి."

1900 మార్చి 1 నుంచి 2000 మార్చి 1 వరకు 36,525 రోజులు. 7తో భాగిస్తే శేషం 6. ఆరు వారాలు ముందుకు జరగటమంటే ఒకటి వెనక్కి జరగటమే కదా! అందుచేత 2000 తరవాతి తేదీలకు మొత్తంలో ఒకటి తగ్గిస్తే చాలు. మనవరాలు ఆ వరసను యంత్రంలో చేర్చి, బిల్లు పుస్తకంలో చాచా అక్షరాల కింద పెన్సిలుతో రాసింది. పెన్నుతో రాయమన్నాను. "2099 దాకానే కదా తాతయ్యా!" అన్నది.