తెలుగక్షరమును, గణకయంత్రపు గడియును

బొమ్మలు లేక కేవలము అక్షరములతోనే పలుకు తెర యొకటి గణకయంత్రమునకు కలదు. దానిని టెర్మినల్ అందురు. ఆ తెర చదరంగపు బల్లవలె గడులుగా విభజింపబడి యుండును. 1978లో వెలువడిన వీటీ-100 అను టెర్మినల్ నందు అడ్డముగా 80 గడులు, నిలువుగా 24 వరుసలు నుండెను. ఆ ఏర్పాటే నేటి టెర్మినళ్లకును మాతృక. గడికొక యక్షర మను నియమము ఇంగ్లీషునకు చక్కగా సరిపడినది. చీనా, జపాను లిపుల యక్షరములు వెడల్పైనవగుటచే వానికి రెండేసి గడులు కేటాయించిరి. మఱి తెలుగునకెన్ని? ఈ ప్రశ్నకు నిలుకడయైన సమాధానము లేకుండుట తగదని నా యభిప్రాయము.

యూనికోడ్ నందు మన లిపికి 1991లోనే చోటు లభించెను. కాని యందు అక్షరము ముక్కలుగా నిలువ చేయబడును. ‘స్త్రీ’ అనునది మన కంటికొక్క యక్షరము. యంత్రమునకు ఆరు సంకేతములు. ‘విశాఖపట్నం’ మనకు ఐదక్షరములు. యంత్రమునకు పది సంకేతములు. మఱియు, వ్యాప్తియందున్న యొక లెక్క ప్రకారము గుడికి గడి లేదు, కొమ్మునకు మాత్రము గడి కలదు. కావున ‘కి’ ఒక గడి, ‘కు’ రెండు గడులు! ఆ లెక్కనే మన పట్టణపు పేరునకు ఏడు గడులు. లెక్కించు ప్రోగ్రాము ఏడనగా, చిత్రించు తెర వేఱొక సంఖ్య యనినచో పట్టికలోని గీతలు వంకర పోవును. ఒక యక్షరమును తుడువబోగా పొరుగక్షరము చెరుగును.

“టెర్మినల్ ఇంజనీర్ల పనిముట్టు, వారికి ఇంగ్లీషు చాలును గదా” యని కొందఱందురు. ఈ వాదము నిలువదు. ప్రోగ్రాములు పుట్టి పరీక్షింపబడు కర్మశాల యదియే. కర్మశాలలో విఱిగిన వస్తువు అంగడిలో అతుకుకొనునా? 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ యొక్క సంకేతముల నడుమ కంటికి కనబడని యొక సంకేతము చేరిన వరుస వచ్చినంతనే ఐఫోనులలోని ప్రోగ్రాములు కూలిపోయెను. ఆ నెలలోనే యాపిల్ వారు దానిని సవరించిరి. అది టెర్మినల్ సంగతి కాకపోయినను, సంయుక్తాక్షరములతో పరీక్షింపనిచో నేమగునో తెలుపుచున్నది.

మన పట్టణచరిత్రమే మనకు మార్గము చూపుచున్నది. లండను మిషనువారగు క్రాన్, డెస్‌గ్రాంజెస్ అను దొరలు 1805లో విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చిరి. డెస్‌గ్రాంజెస్ దొర తెనిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. అచ్చుకూటమువారు అక్షరమునకు తగినట్లు సీసమును పోతపోసిరి గాని, సీసమునకు తగినట్లు అక్షరమును నఱకలేదు.

నేడు ఉపాయము దూరమున లేదు. పూర్వము ‘స్త్రీ’ని మూడుగా చీల్చిన యూనికోడ్ సామాన్యనియమము 2023లో సవరింపబడి, దానిని ఒక్కటిగా గ్రహించుచున్నది. టెర్మినళ్లు చేయువారు ఈ యేకమునే ప్రమాణముగా గైకొని, దాని వెడల్పును బట్టి ఒకటియో రెండో గడులీయవలయును. లెక్కించునదియు, చిత్రించునదియు ఒకే పట్టికను నమ్మవలయును. గడులలో తెలుగునకు పుస్తకమునందలి సొగసు రాదనుట నిజమే. మనము కోరునది సొగసు కాదు, అక్షరము చీలకుండుట.

విద్యార్థులారా! రేపు ఓడరేవునందును, ఉక్కు కర్మాగారమునందును గణకయంత్రములను నడుపువారు మీరే. ప్రోగ్రాము వ్రాసినపుడు ‘రామ’ యను సులభమైన పేరుతో తృప్తి నొందకుడు. ‘స్త్రీ’, ‘జ్ఞానము’, ‘విశాఖపట్నం’ అను పదములతోను పరీక్షింపుడు. తప్పు కనబడినచో దానిని చేసినవారికి వ్రాయుడు. తల్లిదండ్రులారా! తెర చెడగొట్టినదని మీ బిడ్డ పేరును ఇంగ్లీషులోనికి మార్చి యూరకుండకుడు. తెలుగువారు అడుగనిచో తెలుగునకు గడి యెవ్వరిత్తురు?