కాపురము మార్చువేళ: ఏ పేట, ఏ గాలి?



గత మాసమున మన పత్రికకు వచ్చిన జాబులలో ఒకటి నన్ను చాల దినములు ఆలోచింపజేసినది. వ్రాసినవారు గుంటూరు ప్రాంతపు గృహిణి. వారి భర్తకు ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరమునందు ఉద్యోగమైనది. జనవరి మాసమునకు భర్త, అత్తగారు, ఏడేండ్ల కుమారుడు, తాను అచటికి తరలవలెను. అత్తగారికి 70 ఏండ్లు దాటినవి. పిల్లవానికి అప్పుడప్పుడు ఉబ్బసము వచ్చుచుండును. అచటనున్న స్నేహితులు వారికి రెండిండ్లు చూచి పెట్టినారట. ఒకటి సముద్రమునకు చేరువగా కోగరా అను పేటలో రెండు పడకగదుల ఫ్లాటు. రెండవది నగరమునకు వాయవ్యముగా, చాల దూరమున, మార్స్‌డెన్ పార్కు అను క్రొత్త పేటలో నాలుగు పడకగదుల ఇల్లు. తూర్పు వాకిలి, ముందు చిన్న తోట.

"అద్దెలు రెంటికిని ఇంచుమించు సమానమే. ఇంట అందరికిని పెద్ద ఇల్లే నచ్చినది. నాకు మాత్రము మనస్సు నిలువకున్నది. కారణమేమని అడిగిన చెప్పలేకున్నాను. నా సంకోచము తెలివితక్కువయేమో మీరే చెప్పవలెను" అని వారు వ్రాసినారు.

అమ్మా, మీ సంకోచము తెలివితక్కువ కాదు. దానికి కారణము కలదు. దానిని మాటలలో పెట్టుటకే ఈ మాసపు వ్యాసమును వినియోగించుచున్నాను. ఊరు మారదలచిన ఇతర సోదరీమణులకును ఇది పనికి రావచ్చును.

ఇల్లు చూడబోవు పురుషులు గదులు లెక్కింతురు, అద్దె లెక్కింతురు, కార్యాలయమునకు ఎంత దూరమో చూతురు. అవి చూడవలసినవే. కాని ఉదయము తొమ్మిది మొదలు సాయంకాలము ఆరు వరకు ఆ ఇంట ఎవరుందురో, ఆ వేళలలో అచట గాలి, ఎండ ఎట్లుండునో అడుగువారు తక్కువ. మీ ఇంట ఆ వేళలలో ఉండువారు మీరును, మీ అత్తగారును. బడి విడిచిన పిదప పిల్లవాడు. కావున ఇల్లు మీ ముగ్గురి పగటికి తగినదా యని మొదట చూడవలెను.

మా చెల్లెలు సిడ్నీ పశ్చిమ భాగమున కాపురమున్నప్పుడు నేనొక వేసవి వారింట గడపితిని. ఇల్లు విశాలమైనది, క్రొత్తది, కంటికి ఇంపైనది. మధ్యాహ్నము పన్నెండు దాటగానే కిటికీల తెరలన్నియు దించి, ఏ.సీ. యంత్రమున్న ఒక్క గదిలో ఆమెయు, ఆమె అత్తగారును, నేనును కూర్చుండెడివారము. వీధిలో మనుష్యుడు కానరాడు. నీడనిచ్చు చెట్టు లేదు. రాత్రి ఏడు గంటలకు మరిది కార్యాలయమునుండి వచ్చి, "ఇంత ఇల్లుండగా మీరందరు ఒక్క గదిలో నేల కూర్చున్నారు?" అని నవ్వెడివాడు. అతడు మంచివాడే. దినమంతయు చల్లని కార్యాలయమున నుండి, చల్లబడిన సాయంకాలమున ఇల్లు చేరువాడు గనుక ఆ ఇంటి మధ్యాహ్నము అతడెరుగడు.

ఇక అచటి వాతావరణము సంగతి. మొదట ఋతువులు తలక్రిందులని గుర్తుంచుకొనవలెను. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు వేసవి. జూను మొదలు ఆగస్టు వరకు చలికాలము. ఇచట సంక్రాంతి ముగ్గులు పెట్టు దినములలో అచట నడివేసవి. మీరు సరిగా ఆ వేసవిలోనే దిగబోవుచున్నారు.

రెండవది, సిడ్నీ ఒకే ఊరైనను అందలి వాతావరణము ఒక్కటి కాదు. వేసవిలో బెజవాడకును విశాఖపట్టణమునకును గల భేదము మనకు తెలిసినదే. అట్టి భేదము అచట ఒక్క నగరపు రెండు కొసల నడుమనే కలదు. తూర్పున సముద్రము, పడమట, సుమారు 50 కిలోమీటర్ల దూరమున, బ్లూ మౌంటెన్సు అను కొండలు. వేసవి మధ్యాహ్నములందు సముద్రమునుండి ఈశాన్యపు గాలి వీచి తీరపు పేటలను చల్లబరచును. ఆ గాలి కాగిన నేలమీదుగా పడమటికి పోవుకొలది బలము తగ్గి, కొన్ని దినములు చాల ఆలస్యముగా చేరును, కొన్ని దినములు చేరనే చేరదు. దేశపు నడిభాగమునుండి వేడి గాలి వీచు దినములందు పశ్చిమపు మైదానము పెనమువలె కాగును.

తీరమున జనవరి మాసపు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 26, 27 డిగ్రీలు. పశ్చిమపు కొసనున్న పెన్రిత్ అను ఊర ఇది సుమారు 31 డిగ్రీలు. నాలుగు డిగ్రీల భేదమేకదా యని తోచును. కాని సగటు లెక్క గడ్డు దినములను దాచివేయును. పెన్రిత్‌లో 2020 జనవరి 4వ తేదీన 48.9 డిగ్రీలు నమోదైనది. మార్స్‌డెన్ పార్కు అదే మైదానమున, పెన్రిత్‌కు ఈశాన్యముగా నున్నది. చలికాలమునను ఇట్లే: జూలై వేకువను తీరమున 8 డిగ్రీల ప్రాంతమున నుండగా పడమట 5 డిగ్రీలకు దిగును, కొన్ని ఉదయములు పచ్చికపై మంచు తెల్లగా పేరుకొనును. అచటి ఇండ్లు పెక్కు పలుచని గోడలవి. గుంటూరు ఎండకు అలవాటుపడిన పెద్దవారికి బయటి చలికంటె ఇంటి లోపలి చలియే కష్టము.

మూడవది దిక్కుల సంగతి. సిడ్నీ భూమధ్యరేఖకు దక్షిణమున, మకరరేఖకును దిగువన నున్నది. కావున అచట సూర్యుడు తూర్పుననే ఉదయించినను మధ్యాహ్నమున సంవత్సరమంతయు ఉత్తరపు వైపుననే ఉండును. మన ఇంట చలికాలపు ఎండ దక్షిణపు అరుగుపై పడును. అచట ఉత్తరపు కిటికీలో పడును. ఉత్తరముఖముగా నున్న గదిలోనికి చలికాలమున వెచ్చని ఎండ దూరముగా వచ్చును; వేసవిలో సూర్యుడు నడినెత్తికి చేరువగా నుండుటచే చూరు నీడ చాలును. దక్షిణపు గదులు చీకటిగా, చెమ్మగా నుండును. పడమటి గదులు వేసవి సాయంకాలమున కాగిపోవును. తూర్పు వాకిలి మీ అత్తగారికి తృప్తి నిచ్చినచో మంచిదే. కాని ఆమె పడకగది ఏ దిక్కున నున్నదో వాకిలికంటె ముందు అడుగుడు.

మన కవులు దక్షిణపు గాలిని చల్లగా, సుఖముగా వర్ణించినారు. అచట దక్షిణపు గాలి చలిని మోసికొనివచ్చును. వేసవిలో మాత్రము అది దేవుడు పంపినట్లుండును. ఉక్కగా నున్న దినమున 'సదర్లీ బస్టర్' అను ఆ గాలి హఠాత్తుగా వీచి కొన్ని నిమిషములలోనే 10, 15 డిగ్రీలు తగ్గించుటయు కలదు. పిల్లవాని చొక్కాపై ఒక పలుచని ఊలు కోటు ఎప్పుడును సంచిలో నుండవలెను.

తీరపు పేటలకు దోషములు లేవని తలపకుడు. వాన అచటనే ఎక్కువ. తీరమున సంవత్సరమునకు సగటున సుమారు 1,200 మిల్లీమీటర్లు. పెన్రిత్ ప్రాంతమున సుమారు 700. 2022వ సంవత్సరమున నగరమధ్యమున 2,500 మిల్లీమీటర్లకు పైగా కురిసినది. అట్టి యేడు ఎండ సోకని ఫ్లాటులలో గోడలకు బూజు పట్టును, బీరువాలో పట్టుచీరలు వాసన వేయును. ఉబ్బసమున్న పిల్లవానికి బూజు మంచిది కాదు. కావున కోగరా ఫ్లాటు చూచునప్పుడు స్నానాలగదికి కిటికీ కలదా, బీరువా వెనుక గోడపై నల్లని మచ్చలున్నవా, క్రొత్తగా రంగు పూసి దాచినారా యని స్నేహితులను పరీక్షింపమనుడు.

పడమటికొక ఆకర్షణ కలదు; అది చిన్నది కాదు. మనవారు ఎక్కువగా నున్నది ఆ వైపుననే. ప్యారమాటా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ మొదలుకొని స్కోఫీల్డ్స్, మార్స్‌డెన్ పార్కు వరకు తెలుగు మాట వినబడును. కరివేపాకు, కందిపప్పు దొరకును. మీ అత్తగారికి ఇంగ్లీషు రాదని వ్రాసినారు. చల్లని గాలి ఉన్నను మాట్లాడు మనిషి లేనిచోట పెద్దవారు కృశింతురు. అయితే తెలుగువారున్న పేట యనిన చాలదు. ఆమె తనంత తాను నడిచిపోగల దూరమున వారుండవలెను. కారు నడుపుట రాని స్త్రీకి రెండు మైళ్ల దూరపు స్నేహితురాలు వేరొక ఊరివారితో సమానము. మధ్యాహ్నపు ఎండలో నీడలేని వీధిని నడిచి వెళ్లుమని ఆమెతో ఎవరనగలరు?

అందుచే మీరు చూడని మూడవ మార్గమొకటి సూచించుచున్నాను. నగరమునకు పడమట సుమారు 25 కిలోమీటర్ల దూరమున ప్యారమాటా, దాని ప్రక్కన వెస్ట్‌మీడ్ కలవు. వేసవిలో అవి కోగరాకంటె వేడివే, పెన్రిత్‌కంటె కొంత నయము. రైలు స్టేషనుకు నడిచి పోవచ్చును. వెస్ట్‌మీడ్‌లో పెద్ద ఆసుపత్రియు, పిల్లల ఆసుపత్రియు ప్రక్కప్రక్కనే యున్నవి. చేరువనే మేస్ హిల్‌లో మురుగన్ దేవాలయము కలదు. వేంకటేశ్వరుని దర్శనమునకు మాత్రము నగరమునకు దక్షిణమున హెలెన్స్‌బర్గ్‌లో 1985లో ప్రతిష్ఠ జరిగిన ఆలయమునకు పోవలెను. దానికి కోగరాయే దగ్గర.

ఏ పేట నెన్నుకొన్నను ఈ క్రింది సంగతులు విచారింపుడు.

అద్దె అచట వారమునకు చెప్పుదురు. నాలుగుతో హెచ్చించి మాసపు లెక్క కట్టినచో పొరపాటగును. సంవత్సరమునకు 52 వారములు. వారమునకు 700 డాలర్లనిన మాసమునకు 2,800 కాదు, సుమారు 3,033. ముందుగా కట్టు ధరావతు నాలుగు వారముల అద్దెను మించరాదని ఆ రాష్ట్రపు చట్టము. ఏ.సీ. కరెంటు ఖర్చు అద్దెలో చేరదు. పెద్ద ఇంటిని చల్లబరచుటకు అగు వ్యయమును అద్దెతో కలిపి చూచినప్పుడే ఏది చౌకయో తెలియును.

ఇంటి పైకప్పు ఏ రంగో అడుగుడు. క్రొత్త పేటలలో నల్లని పెంకుల ఇండ్లు దగ్గరదగ్గరగా కట్టినారు. నలుపు ఎండను త్రాగును. కప్పు లోపల వేడి నాపు పొర పరచినారా యనియు అడుగుడు. చూడబోవువారు శనివారపు ఉదయమున పదిహేను నిమిషములు చూచి రాక, వీలైన మధ్యాహ్నము మూడు గంటలకు మరల ఒకసారి పోయి ఆ వీధిలో నిలువవలెను.

వాయవ్యమున హాక్స్‌బరీ, నెపియన్ అను పేర్లతో ప్రవహించు నది 2021లోను, 2022లో పలుమారులును పొంగి విండ్సర్, రిచ్‌మండ్ ప్రాంతములను ముంచినది. ఆ వైపు ఇల్లు కొనదలచినవారు స్థానిక పురపాలకసంఘమిచ్చు పత్రమున ఆ స్థలమునకు వరదభయము, అడవిమంటల భయము వ్రాసియున్నవా యని చూడక సంతకము చేయరాదు. 2019–20 వేసవిలో అడవిమంటల పొగ వారముల తరబడి నగరమును కప్పినది. అట్టి దినములలో తీరమని, పశ్చిమమని భేదము లేదు. పిల్లవాని వైద్యుడు వ్రాసిన చీటి, మందుల పేర్లు వెంట తీసికొనిపోవుడు. వసంతమున, అనగా సెప్టెంబరు మొదలు నవంబరు వరకు, గడ్డి పుప్పొడి ఎక్కువగా నుండునని జ్ఞప్తియందుంచుకొనుడు.

ఇక నా తీర్పు అడిగినారు గనుక చెప్పుచున్నాను. చూపిన రెండిండ్లలోనే ఎన్నుకొనవలసివచ్చినచో, గోడలు పొడిగా నున్నవని తేలిన పిదప కోగరా ఫ్లాటు. మూడవ ఇల్లు వెదకుటకు వ్యవధి యున్నచో వెస్ట్‌మీడ్‌లో, ఉత్తరపు వెలుతురు గల చిన్న ఇల్లు. ఏదియైనను మొదటి సంవత్సరము అద్దెకే యుండుడు. నాలుగు ఋతువులను చూడక ఏ ఇల్లును కొనవలదు. మరుసటి యేడు మీకు పెద్ద ఇల్లే కావలెనని తోచినచో, అప్పటికి మీ అత్తగారు అచటి జనవరిని, జూలైని ఎరిగియుందురు. ఆమె మాటయు నిర్ణయములో చేరును.

ఈ సంగతి ఇంట ఎట్లు చెప్పవలెనని మీరు జంకుచుండవచ్చును. "నాకు నచ్చలేదు" అనిన వాదము పుట్టును. అందుకు బదులు ఒక కాగితము తీసికొని, ఉదయము ఆరు మొదలు రాత్రి తొమ్మిది వరకు గంటలు వ్రాసి, ప్రతి గంటకును ఎవరెచ్చట నుందురో ఎదుట వ్రాయుడు. దానిని మీ భర్త ముందుంచి, "పగలు పన్నెండు మొదలు ఐదు వరకు అత్తయ్యగారును నేనును ఎక్కడ కూర్చుందుము?" అని మాత్రమడుగుడు. తల్లియందు ప్రేమగల కుమారునకు ఆ ప్రశ్న చాలును.

మీరు స్థిరపడిన పిదప మొదటి చలికాలమెట్లు గడచినదో మాకు తప్పక వ్రాయవలెను. మీవలెనే ఊరు మారదలచిన సోదరి ఇంకెవరైన మీ అనుభవమునకై ఎదురుచూచుచుందురు.