కాలేయపు కొవ్వు, మూలికల మాత్ర: మేలు ఎవరి ఖాతాలోకి?

కాలేయ కణాల్లో 5 శాతానికి పైగా కొవ్వు పేరుకున్న స్థితిని ఫ్యాటీ లివర్ అంటారు. మద్యంతో నిమిత్తం లేకుండా స్థూలకాయం, మధుమేహం వెంట వచ్చే ఈ జబ్బుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం పొందిన తొలి మందు రెస్మెటిరోమ్ 2024 మార్చిలో గానీ రాలేదు. అదీ కాలేయంపై ఫైబ్రోసిస్ అనే మచ్చ కణజాలం ఒక స్థాయికి పెరిగి, కాలేయం పూర్తిగా గట్టిపడే సిర్రోసిస్ దాకా పోని రోగులకే. అంతవరకూ చీటీ మీద రాయడానికి ప్రత్యేకమైన మందంటూ లేకపోవడంతో ఆ ఖాళీలోకి మూలికల మాత్రలు సులువుగా ప్రవేశించాయి.

వీటిలో ఎక్కువ పరిశోధనకు నోచుకున్నది, మధ్యధరా ప్రాంతపు మిల్క్ తిజిల్ అనే ముళ్ల మొక్క గింజల నుంచి తీసే సిలిమారిన్. మలేసియాలో జరిగి 2017లో వెలువడిన ఒక పరీక్షలో, బయాప్సీ ద్వారా, అంటే సూదితో కాలేయపు ముక్క తీసి చూసి, వాపు దశ నిర్ధారణ అయిన 99 మందిని రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి 700 మిల్లీగ్రాముల సిలిమారిన్‌ను, రెండో వర్గానికి మందు లేని మాత్రను రోజుకు మూడుసార్లు చొప్పున 48 వారాలు ఇచ్చారు. ముందుగా పెట్టుకున్న కొలబద్ద ప్రకారం మెరుగుపడినవారు మొదటి వర్గంలో 32.7 శాతం, రెండో వర్గంలో 26 శాతం; గణాంకశాస్త్రం లెక్కలో ఈ తేడా యాదృచ్ఛికం కాదనడానికి చాలదు. ఫైబ్రోసిస్ తగ్గినవారు 22.4 శాతం, 6 శాతంగా తేలారు గనుక ఆశ పూర్తిగా అడుగంటలేదు గానీ, అది పెద్ద పరీక్షలో రుజువు కావలసిన సూచన మాత్రమే. అసలు ఆలోచించవలసినది ఆ 26 శాతం గురించి: ఏ మందూ పడకుండానే నాలుగో వంతు మంది మెరుగుపడ్డారు.

తెలుగు పల్లెల్లో కామెర్లకు నేల ఉసిరి పసరు పోయించుకునే ఆనవాయితీకి బలం ఇచ్చిందీ ఇదే. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ చాలామందిలో కొన్ని వారాల్లో తనంతట తానే తగ్గుతుంది, పేరు పసరుకు వస్తుంది. ఫ్యాటీ లివర్‌కు మాత్రలు కొన్నవారు సాధారణంగా ఆ నెలలోనే రాత్రిపూట అన్నం తగ్గించి, పొద్దున్నే నడక మొదలుపెడతారు. శరీర బరువు 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలోని కొవ్వే కాక వాపు కూడా తగ్గుతుందన్నది గట్టి ఆధారాలున్న విషయం, అయినా రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైమ్ అంకె దిగివచ్చినప్పుడు ఘనత మాత్రల సీసాకే దక్కుతుంది.

మూలికలతో మేలు లేకపోయినా కీడు లేదన్న ధీమా మరీ ప్రమాదకరం. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను హైదరాబాద్ సహా పలు నగరాల వైద్యులు 2022లో ప్రచురించగా, ఆ తీగను పోలిన మరో మొక్క కల్తీ అయి ఉండవచ్చని ఆయుష్ శాఖ వాదించింది. ఆ వాదన నిజమే అనుకున్నా, కొన్నది ఏ తీగో తెలుసుకునే దారి లేని రోగికి అందులో ఊరట ఏమీ లేదు. పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 కేసులు అమెరికాలోనూ నమోదయ్యాయి. ఆ మాత్రల్లో కొన్నిటిలో మిరియాల సారం కలిపారు, అది పసుపులోని కర్క్యుమిన్‌ను ఒంటికి ఎక్కువగా పట్టిస్తుంది. కూరలో వేసే చిటికెడు పసుపుతో దీనికి పోలిక లేదు.

కంటికి కనబడని నష్టం మరొకటి, కాలయాపన. ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నవారిలోనూ ఫైబ్రోసిస్ ముదురుతూ ఉండవచ్చు గనుక, ఆ ఒక్క అంకె చూసి మాత్ర పనిచేసిందని తీర్మానించుకోవడం పొరపాటు. వయసు, ఎస్‌జీఓటీ అనే మరో ఎంజైమ్, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్యలతో కట్టే ఫిబ్-4 లెక్కకు మామూలు రక్తపరీక్షల కాగితాలే సరిపోతాయి, అందులో అనుమానం తేలితే కాలేయపు గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయిస్తారు.