పోలీస్ స్టేషన్‌లో రెండో స్క్రీన్ ఎందుకు లేదు?

ఫోన్లు రివ్యూ చేసేవాడి ఫోనే పోతే ఎలా ఉంటుంది? మొన్న ఎండాకాలంలో నాకు తెలిసొచ్చింది. బస్సు దిగి జేబు తడుముకుంటే ఫోన్ లేదు. దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌కి నడుచుకుంటూ వెళ్లాను. ఎలాగూ అంతా ఆన్‌లైనే కదా, ఓ ఫారం నింపేసి వచ్చేద్దాం అనుకున్నాను. టేబుల్ దగ్గరున్న హెడ్ కానిస్టేబుల్ ఒక తెల్ల కాగితం ముందుకు తోశాడు. "ఏం జరిగిందో నీ చేత్తో రాసియ్యి తమ్మీ" అన్నాడు.

నిజం చెప్తున్నా, ఆ కాగితం చూడగానే ఫోన్ పోయిన బాధ కాసేపు పక్కకెళ్లింది. తెలుగులో పేజీ నిండా చేత్తో రాసి ఎన్నేళ్లయిందో లెక్కే లేదు. 'స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి' అని రాసేసరికే వేళ్లు లాగాయి. 'ఫిర్యాదు'కి ఫ రాయాలా, ప రాయాలా అన్న అనుమానం వచ్చింది. మామూలుగా అయితే కీబోర్డే చెప్పేది. ఆ కీబోర్డు పోయిందనే కదా ఇప్పుడు రాస్తున్నది!

మీలో చాలామంది పరిస్థితి ఇదేనని నాకు తెలుసు. అందుకే ఈ వారం ఫోన్ రివ్యూ పక్కన పెట్టి, ఆ రోజు స్టేషన్‌లో చూసిన రెండు విషయాలు చెప్తాను. ఒకదాంట్లో చేతిరాత ఓడిపోయింది. ఇంకోదాంట్లో కంప్యూటర్ ఓడిపోయింది. రెండు చోట్లా కాపాడింది మాత్రం ఒకటే.

రైటర్ గారి ప్రశ్నలు

మన స్టేషన్లలో 'రైటర్' అని ఒకాయన ఉంటాడు. అది ర్యాంకు కాదు, ఆయన చేసే పని. ఫిర్యాదులు, రికార్డులు, కేసు ఫైళ్లు అన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. ఒకప్పుడు అంతా పెన్నుతోనే కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు టేబుల్ మీద కంప్యూటర్ ఉన్నా పేరు మాత్రం రైటరే. నాకు కాగితం ఇచ్చింది ఆయనే.

నేను రాసింది చదివి ఆయన మొదట అడిగింది, "పోయిన టైం రాత్రి 8 అని రాశావ్, ఎట్ల తెలుసు?" అని.

"దిగాక చూసుకున్నది అప్పుడే సార్."

"చూసుకున్నది ఎనిమిదింటికి. పోయింది ఎప్పుడు? ఆఖరుసారి ఫోన్ చేతిలో పట్టుకున్నది ఎక్కడ? టికెట్‌కి నోటిచ్చినవా, ఫోన్‌తో కొట్టినవా?"

టికెట్‌కి నోటే ఇచ్చాను. కానీ బస్సెక్కే ముందు బస్టాండ్‌లో చాయ్‌కి యూపీఐతో కట్టినట్టు గుర్తొచ్చింది. బ్యాంక్ మెసేజ్ మెయిల్‌కి కూడా వస్తుంది కాబట్టి స్టేషన్‌లోనే తెరిచి చూశాం. 6.42. అంటే అప్పటిదాకా ఫోన్ నా దగ్గరే ఉంది. టికెట్ తీసేటప్పుడు జేబులో అది తగల్లేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఫోన్ బస్సులో కాదు, బస్సెక్కే తోపులాటలో పోయింది. రాసిన కాగితం ఆయన నాకే తిరిగిచ్చాడు. "కొట్టేసి పక్కన రాయి, సంతకం పెట్టు" అన్నాడు.

ఆన్‌లైన్ ఫారంలో అయితే 'పోయిన సమయం' అనే గడిలో 8 అని కొట్టి సబ్మిట్ నొక్కేవాడిని. గడి నిండిందా లేదా అనేదే ఫారం చూస్తుంది. నాకు అది ఎలా తెలుసు అని అడగదు. నేను మెల్లగా రాస్తుంటే ఆయనకి అడగడానికి టైం దొరికింది, నాకు గుర్తు తెచ్చుకోవడానికి టైం దొరికింది. పైగా కాగితం మీద కొట్టివేత అలాగే కనిపిస్తుంది. మన భాషలో చెప్పాలంటే అది వెర్షన్ హిస్టరీ. బ్యాక్‌స్పేస్ కొడితే ముందు ఏముందో ఎవరికీ తెలియదు.

చేతిరాత ఓడిన చోటు

తర్వాత ఐఎంఈఐ నంబర్. డబ్బా ఇంట్లో ఉంది. చెల్లి ఫోన్‌లో చదువుతుంటే నేను కాగితం మీద రాసుకున్నాను. నా రాతలో 1, 7 అన్నదమ్ముల్లా ఉంటాయి. కంప్యూటర్ ముందున్న కుర్ర కానిస్టేబుల్ నా 1ని 7 అనుకుని ఎక్కించాడు.

ఇక్కడ చేతిరాతని వెనకేసుకురావడానికి ఏమీ లేదు. ఐఎంఈఐలో 15 అంకెలు ఉంటాయి. మొదటి 14 అంకెల్ని లూన్ ఫార్ములా ప్రకారం లెక్కగట్టి 15వది పెడతారు. కాబట్టి ఏ ఒక్క అంకె తప్పినా లెక్క కుదరదు. ఆ లెక్క చూసే ఫారం అయితే అక్కడికక్కడే ఎర్ర గీత చూపిస్తుంది. కాగితానికి ఆ తెలివి లేదు. ఆ తప్పు అలాగే వెళ్లి ఉంటే నా ఫోన్ బదులు అసలు లేని ఫోన్ ఏదో బ్లాక్ లిస్టులోకి ఎక్కమని అడిగినట్టయ్యేది.

తప్పెలా దొరికిందంటే, రైటర్ గారు స్క్రీన్ మీది అంకెలు ఒక్కొక్కటే పైకి చదివారు. అవతల చెల్లి డబ్బా చూస్తూ వింది. తొమ్మిదో అంకె దగ్గర "కాదు కాదు, ఒకటి" అని అరిచింది.

ఆ నంబర్ సీఈఐఆర్‌లోకి వెళ్లింది. 2023 మేలో దేశమంతా అందుబాటులోకి వచ్చిన సంచార్ సాథీలో ఇదొక భాగం. ఫిర్యాదు కాపీ జతచేసి ఐఎంఈఐ ఇస్తే ఏ నెట్‌వర్క్ మీదా పనిచేయకుండా ఫోన్‌ని బ్లాక్ చేస్తారు. ఎవరైనా అందులో సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. మూడు నెలల తర్వాత నా ఫోన్ అలాగే దొరికింది. ఎవరో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నారట. పదేళ్ల క్రితం అయితే ఫోన్ పోయిందంటే పోయినట్టే. పాత రోజులే బాగుండేవి అని నేను అనలేను.

బీట్ సంగతి కూడా అంతే. రాత్రి గస్తీ కానిస్టేబుల్ గుడి దగ్గరో, ఏటీఎం దగ్గరో వేలాడే పాయింట్ బుక్‌లో టైం వేసి సంతకం పెట్టేవాడు. మూడు రాత్రుల సంతకాలు ఒకేసారి పెట్టినా పుస్తకం ఏమీ అనదు. ఇప్పుడు చాలా చోట్ల క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. అక్కడికి వెళ్తేనే స్కాన్ అవుతుంది. ఇది మంచి మార్పే.

కంప్యూటర్ ఓడిన చోటు

నా పక్క బెంచీ మీద ఒక పెద్దమ్మ కూర్చుంది. పక్కింటివాళ్లతో మోరీ నీళ్ల దగ్గర గొడవ. మాటా మాటా పెరిగి వాళ్లబ్బాయి ఆమెని తోశాడు. ఆమెకి చదువు రాదు. ఆమె చెప్తుంటే కుర్ర కానిస్టేబుల్ టైప్ చేస్తున్నాడు. స్క్రీన్ అతని వైపే ఉంది. ఆమెకి కనిపించేది మానిటర్ వీపు, దాని మీద అతికించిన స్టిక్కర్, అంతే.

ప్రింట్ నొక్కబోతుంటే రైటర్ గారు ఆపారు. "అమ్మకి చదివి వినిపించు" అన్నారు. అతను చదివాడు. "పాత కక్షలు మనసులో పెట్టుకొని..." అనగానే ఆమె లేచి నిలబడింది.

"గట్ల నేను చెప్పలే సారూ. మాకు పాత కక్షలేం లెవ్వు. మొన్నటిదాంక ఒక్క గిన్నెల తిన్నోళ్లం. గా నీళ్లు మా వాకిట్లకు రాకుంటే సాలు."

అతను కావాలని రాయలేదు. అది పాత ఫైల్లోంచి తెచ్చి అతికించిన వాక్యం. ఎన్ని ఫిర్యాదుల్లో ఉంటుందో! తెలుగులో వేగంగా టైప్ చేయడం ఈ రోజుకీ అందరికీ సులువు కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క అక్షరం దెబ్బకి ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలడం, యాపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ వదలాల్సి రావడం మీకు గుర్తుండే ఉంటుంది. మన లిపికి పరికరాల్లో ఇచ్చే మర్యాద అది. అలాంటప్పుడు కాపీ, పేస్ట్ చేసిన కానిస్టేబుల్‌ని తప్పుపట్టడం తేలిక.

కానీ ఆ నాలుగు మాటలతో జరిగేది చిన్న విషయం కాదు. 'పాత కక్షలు' అని కాగితం మీద పడితే అది రెండిళ్ల మధ్య శత్రుత్వం. ఆమె చెప్పింది మోరీ నీళ్ల గొడవ. రైటర్ గారు ఆ వాక్యం తీయించారు. పక్కింటాయనకి ఫోన్ చేసి రేపు పొద్దున అబ్బాయిని తీసుకుని రమ్మన్నారు. చాలా వీధుల్లో పోలీసు పని అంటే ఇదే. సినిమాల్లో చూపించరు.

అదే కాగితం మీద రాసి ఉంటే? ఆమెకి చదువు రాకపోయినా, మధ్యలో ఉన్న కాగితం ఇద్దరికీ కనిపించేది. తను ఆపినప్పుడు పెన్ను ఆగిందో లేదో తెలిసేది. తను నాలుగు మాటలు చెప్తే అవతల పది లైన్లు వచ్చి పడితే అనుమానం వచ్చేది. చేతిరాత పోవడంతో మనం పోగొట్టుకుంటున్నది అందమైన గుండ్రటి అక్షరాల్ని మాత్రమే అయితే నేను ఈ వ్యాసం రాసేవాడిని కాదు. చెప్పేవాళ్ల కళ్ల ముందు రాయడం అనే పద్ధతి కూడా దాంతో పాటే పోతోంది.

చట్టం ఏమంటోంది

చదివి వినిపించడం రైటర్ గారి మంచితనం మాత్రమే కాదు. ఎఫ్ఐఆర్ కట్టాల్సిన నేరం గురించి ఎవరైనా నోటితో చెప్తే దాన్ని రాసి, చెప్పినవాళ్లకు చదివి వినిపించి, సంతకం తీసుకోవాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్‌లోనే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 173వ సెక్షన్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు ఎలక్ట్రానిక్‌గా పంపినా పర్లేదు, మూడు రోజుల్లో సంతకం పెడితే రికార్డులోకి తీసుకుంటారు. అంటే చట్టం పెన్ను పట్టుకోమని పట్టుబట్టట్లేదు. విన్నది విన్నట్టు రాశారా అని చెప్పినవాళ్లే చూసుకోవాలంటోంది.

ఆ పని ఇప్పుడు చాలావరకు ఆ పూట డ్యూటీలో ఉన్న మనిషి ఓపిక మీద నడుస్తోంది. రైటర్ గారు పక్క గదిలో ఉండి ఉంటే ఆ ప్రింట్ అలాగే వచ్చేది. పెద్దమ్మ వేలిముద్ర వేసి వెళ్లిపోయేది.

ఇది మన సబ్జెక్టే

సూపర్ మార్కెట్‌లో పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కొన్నా బిల్లింగ్ కౌంటర్ మీద మన వైపు తిరిగిన చిన్న స్క్రీన్ ఉంటుంది. పెట్రోల్ బంక్‌లో మీటర్ మనకి కనపడాలి. మరి మనిషి తన కష్టం చెప్పుకునే చోట స్క్రీన్ ఎందుకు తిరిగి లేదు?

ఖర్చు పెద్దదేం కాదు. ఒక మామూలు మానిటర్, ఒక హెచ్‌డీఎంఐ కేబుల్. విండోస్ బటన్‌తో పాటు పి నొక్కి 'డూప్లికేట్' ఎంచుకుంటే అయిపోతుంది. పక్క బెంచీ వాళ్లకి కనపడకూడదంటే ప్రైవసీ ఫిల్టర్ ఉండనే ఉంది. చదువు రానివాళ్ల కోసం తెలుగులో పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఉంది. కేంద్రం 2022లో మొదలుపెట్టిన భాషిణి లాంటివి అందుకే కదా! ప్రింట్ బటన్ పనిచేయాలంటే ముందు 'వినిపించు' బటన్ నొక్కాలి అని పెడితే చాలు. నన్నడిగితే ఏ కొత్త ఫోన్‌లోని ఏఐ ఫీచర్ కన్నా ఇది ఎక్కువమందికి పనికొస్తుంది.

మీరు డెవలపర్ అయినా, ఫారాలు డిజైన్ చేసేవాళ్లయినా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. గడులన్నీ అయ్యాక కింద ఒక ఖాళీ జాగా వదలండి, మనిషి తన మాటల్లో చెప్పుకోవడానికి. దాని పక్కన 'పాత వాక్యం అతికించు' బటన్ మాత్రం పెట్టకండి.

ఆఖరుగా ఒక చిన్న పని. ఇప్పుడే మీ ఫోన్‌లో *#06# నొక్కండి. వచ్చిన ఐఎంఈఐ నంబర్‌ని ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. స్క్రీన్‌షాట్ తీస్తే ఫోన్‌తో పాటే పోతుంది. రాశాక అంకెలు ఒక్కొక్కటే పైకి చదివి సరిచూసుకోండి. 1కి, 7కి తేడా తెలిసేలా రాయండి.