పొరుగూళ్ల రైలుబండి

దూరప్రయాణములను గూర్చి తెలుగున వ్రాతలకు కొదువ లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, మరుసటి యేడు తిరిగి వచ్చి, దారిపొడుగున కన్నదియు విన్నదియు వ్రాసియుంచిన కాశీయాత్రాచరిత్ర నేటికిని చదువరులకు ప్రీతిపాత్రమై యున్నది. కాని ఉదయము అన్నపు డబ్బా చేతబట్టుకొని పది క్రోసుల దూరము పోయి, పొద్దుగ్రుంకిన పిమ్మట ఇల్లు చేరు మనుష్యుని యాత్రకు చరిత్రకారుడు లేడు. జన్మమున కొకమారు చేయు యాత్రకంటె దినదినమును చేయు ప్రయాణమే మనుష్యుని బ్రతుకును ఎక్కువగా తీర్చిదిద్దును. అట్టి ప్రయాణమునకు సాధనమైన పొరుగూళ్ల రైలుబండిని కేవల మొక వాహనముగా గాక, పాఠశాలవలెను గ్రంథాలయమువలెను ప్రజలసొత్తైన సంస్థగా ఎంచి కాపాడుకొనవలసి యున్నది.

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలములోని కర్దనూర్ పరిసరములు ఈ మాటకు మంచి నిదర్శనము. ఒకనాడు పొలములనే నమ్ముకొని బ్రతికిన సీమ యిది. 1960 దశకమున రామచంద్రాపురమునందు భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరున ఇక్రిశాట్ అను అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనాసంస్థ స్థాపింపబడినది. తరువాత మందుల ఫ్యాక్టరీలు, రసాయనముల ఫ్యాక్టరీలు, ఇనుపసామానుల ఫ్యాక్టరీలు వరుసగా వచ్చినవి. నేడు కర్దనూర్ చెంతనుండి నగరపు ఔటర్ రింగ్ రోడ్డు సాగిపోవుచున్నది. తెల్లవారకముందే షిఫ్టుకు పోవువారు ఆటోలకొరకును ఫ్యాక్టరీ బస్సులకొరకును రోడ్డుప్రక్క నిలిచియుందురు; తక్కినవారు మోటారుసైకిళ్లపై లారీల నడుమ దారి వెదకుకొందురు.

విచిత్ర మేమనగా, ఈ సీమకు రైలు క్రొత్త కాదు. సికింద్రాబాదునుండి వాడివరకు నిజాము రాజ్యపు రైలుమార్గము 1874లోనే తెరవబడినది. లింగంపల్లి, నాగులపల్లి, శంకరపల్లి, వికారాబాదు, తాండూరు ఈ మార్గముననే యున్నవి. అనగా పెద్ద ఫ్యాక్టరీలకు తొంబది యేండ్లు ముందుగనే పట్టాలు వచ్చినవి. అయినను పరిశ్రమలు పట్టాలను విడిచి జాతీయ రహదారిని పట్టుకొని పెరిగినవి. జిల్లా కేంద్రమైన సంగారెడ్డి పట్టణమునకు నేటికిని రైలుస్టేషను లేదు. అదే జిల్లాలోని జహీరాబాదుకు మాత్రము వికారాబాదు-బీదరు మార్గము పుణ్యమా యని ఆ భాగ్యము దక్కినది.

2003 ఆగస్టులో నగరమున ఎం.ఎం.టి.ఎస్. బండ్లు మొదలై లింగంపల్లివరకు వచ్చినప్పుడు ఈ ప్రాంతపు ఉద్యోగులకు ఒక క్రొత్త ఆశ కలిగినది. రెండవ దశలో తెల్లాపూరునుండి రామచంద్రాపురమునకు శాఖామార్గము చేర్చబడినది. పట్టాలు ఫ్యాక్టరీల గుమ్మమువరకు వచ్చినవి. ఇక కొరత యెక్కడ? కొరత పట్టాలలో లేదు, వేళలలో నున్నది.

ఫ్యాక్టరీ షిఫ్టు ఉదయ మారింటికి మొదలగును; మధ్యాహ్నము రెండింటికి మారును; రాత్రి పదింటికి మరల మారును. ఏడింటికి వచ్చు బండి ఆరింటి కార్మికునకు లేనిబండియే. ఒకటి తప్పినచో మూడు గంటలకుగాని మరియొకటి లేనప్పుడు, ఆ బండిని నమ్ముకొని ఉద్యోగము చేయగల ధైర్యము ఎవనికుండును? జనము నమ్మనందున బండి ఖాళీగా పోవును. ఖాళీగా పోవుచున్నదని బండ్లను తగ్గింతురు. తగ్గించినందున ఉన్న నలుగురును మానుకొందురు. ఈ విషవలయము తెగనిదే, వేయి కోట్లు వెచ్చించి పట్టాలు పరచినను ఫలము చేతికందదు.

ఆంగ్లదేశపు అనుభవము ఇక్కడ స్మరింపదగినది. 1883లో అచ్చటి పార్లమెంటు ఒక చట్టము చేసి, కార్మికులకు చౌకబండ్లు నడపవలసిన బాధ్యతను రైల్వే కంపెనీలపై మోపినది. ఆ చట్టము చౌక యని చెప్పి యూరకుండలేదు. సాయంకాల మారుగంటలకును ఉదయ మెనిమిది గంటలకును నడుమ, పనివారు పోవచ్చు వేళలకు అట్టి బండ్లుండవలెనని నిర్దేశించినది. వేళ తప్పిన చౌకదనము పేదవానికి పనికిరాదని ఆ శాసనకర్తలు గ్రహించిరి.

చౌకదనమును గూర్చియు మన అనుభవ మొకటి కలదు. 2020 మార్చిలో కోవిడ్ కారణమున ప్రయాణికుల బండ్లన్నియు ఆగిపోయినవి. నగరపు ఎం.ఎం.టి.ఎస్. బండ్లు 2021 జూన్‌లోగాని తిరిగి మొదలు కాలేదు. దేశమున ప్యాసింజరు బండ్లు మరల వచ్చినప్పుడు వాటికి ఎక్స్‌ప్రెస్ ఛార్జీ విధింపబడి, కనీసపు టికెట్టు 10 రూపాయలనుండి 30 రూపాయలైనది. పాత ధర 2024 ఫిబ్రవరిలోగాని తిరిగి రాలేదు. ఈ నడిమికాలమున వాయిదాలపై మోటారుసైకిలు కొనుక్కొన్నవాడు, ధర తగ్గినదని విని మరల స్టేషనుకు వచ్చునా? రైలుప్రయాణము ఒక అలవాటు. అలవాటును తెంచుట ఒకనాటి పని. నాటుట కొన్ని యేండ్ల పని.

ఆ అలవాటులో డబ్బులకు మించిన లాభ మొకటి కలదు. దినమును ఒకే పెట్టెలో ఎక్కువారు నెల తిరుగకముందే మిత్రులగుదురు. ఫిట్టరు, గుమాస్తా, నర్సు, కూరగాయల గంపతో ముసలమ్మ, కాలేజీ విద్యార్థి ఒకే బల్లపై సర్దుకొని కూర్చుందురు. తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ, ఒడియా మాటలు ఒకేచోట వినవచ్చును. ఏ ఫ్యాక్టరీలో ఖాళీ యున్నదో, ఎవరి కుమారునకు ఫీజు కట్టవలసి యున్నదో, ఏ ఆసుపత్రిలో మంచి వైద్యుడున్నాడో, ఈ వార్తలన్నియు అక్కడనే చేతులు మారును. కులమును అంతస్తును అడుగక ప్రక్కవానికి చోటిచ్చు అభ్యాసము పుస్తకములలో చదివిన రాదు. నలుగురితో కలిసి ప్రయాణించిననే వచ్చును.

ఇందలి కష్టములను దాచి పొగడుట న్యాయము కాదు. గాంధీమహాత్ముడు 1917లో మూడవ తరగతి పెట్టెలలోని మురికిని, ఇరుకును గూర్చి ఒక చిన్న పుస్తకమే ప్రకటించెను. 1974లో మూడవ తరగతి యను పేరు పోయినది గాని, ఇరుకు పూర్తిగా పోలేదు. దీపములు లేని దారిలో రాత్రి పదింటికి స్టేషను చేరవలసిన స్త్రీకి రైలు చౌకయని చెప్పిన చాలదు. బస్సు వాకిటివరకు వచ్చును, రైలు రాదు. పైగా 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణములో స్త్రీలకు ఆర్టీసీ బస్సు ప్రయాణము ఉచితమైనది. మరి రైలెందుకని యడుగువారు తప్పు పలుకుటలేదు. కాని రోడ్డుకు ఒక హద్దు కలదు. ఒక రైలుబండి మోయు జనమును బస్సులలో నింపినచో రహదారి పట్టదు. మోటారుసైకిళ్ల కెక్కించినచో ఆసుపత్రులు పట్టవు. బస్సును రైలును పోటీదారులుగా గాక తోడికోడండ్రుగా చూచుట మేలు. కర్దనూర్‌వంటి ఊళ్లనుండి స్టేషనుకు బస్సు, అచ్చటినుండి రైలు, రెంటికిని పొసగిన వేళలు: ఇంతకుమించి కోరునది లేదు.

ఇక సెలవునాటి మాట. నలుగురు మిత్రులు ఇదే మార్గమున వికారాబాదుకు పోయి అనంతగిరి కొండలెక్కినచో, నగరమున మురుగుకాలువయైన మూసీనది పుట్టినచోట ఎట్లున్నదో కండ్లార చూడవచ్చును. మరికొంత ముందుకు పోయిన తాండూరు నాపరాళ్ల గనులును కందిచేలును కనబడును. జహీరాబాదు మీదుగా బీదరు పోయిన కోటయు, ఎర్రని మొరంరాతి నేలయు దర్శనమిచ్చును. చరిత్ర, భూగోళము, వ్యవసాయము అను మూడు పాఠములు ఒక కిటికీలో ఇమిడియున్నవి. ఇంతకంటె చౌకైన విహారయాత్రను ఏ పాఠశాల ఏర్పాటు చేయగలదు?

కావున ఉపాధ్యాయులకు ఇందొక పని కలదు. చదువుకొను బాలికలకు పట్టభద్రులగువరకును, బాలురకు పన్నెండవ తరగతివరకును ఇంటినుండి విద్యాలయమునకు రెండవ తరగతి సీజను టికెట్టు నుచితముగా ఇచ్చు సౌకర్యమును రైల్వేవారు కల్పించిరి. ఈ సంగతి తెలియని ఊళ్లు అనేకములు. దరఖాస్తుపై సంతకము చేయించి యిచ్చు ఉపాధ్యాయుడు ఒక బాలిక చదువును నిలబెట్టినవాడగును. విద్యార్థులకును ఒక పని కలదు: తమ స్టేషనులో ఏ బండి ఎప్పుడు వచ్చుచున్నది, ఫ్యాక్టరీ షిఫ్టు ఎప్పుడు మారుచున్నది అను రెండు పట్టికలు ప్రక్కప్రక్కన వ్రాసి చూచుట. ఆ రెంటి నడుమ ఎడమెంతయో లెక్కకట్టి, ఆ లెక్కను రైల్వే అధికారులకు పంపుట. ఊరక మొరపెట్టుటకంటె లెక్క చూపి అడుగుట బలమైనది.

కాశికి పోవు బండి కెప్పుడును జనముందురు. దానికి గొంతెత్తువారును ఉందురు. లింగంపల్లికి, శంకరపల్లికి పోవు బండికి మాత్రము దానిలో ఎక్కువారే దిక్కు. వారు ఎక్కుట మానిననాడు ఆ బండి సద్దుచేయకయే ఆగిపోవును. దానితోపాటు ఆ బల్లపై కూర్చున్నవారి స్నేహమును ఆగిపోవును.