యూరప్ సైన్యాల పొత్తు: దామలచెరువు మండీకి అందులో పని ఉంది

చిత్తూరు: తోతాపురి గుజ్జు బజారు గురించి అడిగితే జిల్లా వ్యాపారులు గత రెండు మూడేళ్ళుగా కాపు సంగతి కంటే ముందు ఎర్ర సముద్రం సంగతి ఎత్తుతున్నారు. 2023 నవంబరు 19న యెమెన్ హౌతీలు గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నది మొదలు పెద్ద ఓడల కంపెనీలు సూయజ్ దారి వదిలి ఆఫ్రికా చుట్టి పోసాగాయి. మద్రాసు రేవులో డ్రమ్ములెక్కిన గుజ్జు రోటర్‌డామ్ చేరడానికి పది రోజుల నుంచి రెండు వారాల దాకా అదనంగా పట్టింది. సరుకు నీళ్ళ మీద ఉన్నన్నాళ్ళూ బ్యాంకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. దీనికి తోడు కిరాయి పెరిగింది, యుద్ధ భీమా ప్రీమియం పెరిగింది. రేవు దాకా ధరకు అమ్మినవారు తమకు నష్టం లేదనుకున్నారు గాని, కొనుగోలుదారు ఆ భారాన్ని మరుసటి బేరంలో తిరిగి విక్రేత నెత్తినే పెట్టాడు.

ఇందులో ఒక చిత్రముంది. మన గుజ్జుకు సౌదీ అరేబియా, నెదర్లాండ్స్‌లతోపాటు యెమెన్ కూడా పెద్ద ఖాతాదారే. దారి కొట్టినవాడూ, దారి మూతబడి నష్టపోయిన కొనుగోలుదారూ ఒకే దేశంలో ఉన్నారు.

2025 సీజనులో తోతాపురి ధర ఎంతగా దిగజారిందో వేరే చెప్పనక్కరలేదు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చి 12 రూపాయలు చేస్తే తప్ప రైతు తోటలో కాయ కోసే పరిస్థితి లేకపోయింది. అంతకు ముందటి గుజ్జు నిల్వలు కదలకపోవడం ఇందుకొక ముఖ్య కారణం. నిల్వలు కదలకపోవడానికి సముద్రం ఒక్కటే కారణమనడం సరికాదు; కాపు ఎక్కువ, ఫ్యాక్టరీల కొనుగోలు తక్కువ. అయినప్పటికీ దారి సవ్యంగా ఉంటే మంది ఇంత లోతుకు పోయేది కాదని బజారులో పలువురి అభిప్రాయం.

కనుక యూరప్ దేశాలు తమ సైనిక వనరులను ఒక్కచోట చేర్చాలా వద్దా అన్న తర్కం బ్రస్సెల్సు పెద్దలకే పరిమితమైనది కాదు. మన సరుకు పోయే దారికి కాపలా ఎవరన్న ప్రశ్న దానిలోనే ఉంది. యూరోపియన్ యూనియన్ 2024 ఫిబ్రవరి 19న ఆస్పిడెస్ పేరుతో ఎర్ర సముద్రంలో కాపలా పని మొదలుపెట్టింది. దాని కేంద్రం గ్రీసులోని లారిస్సా. 27 దేశాల కూటమి, అన్నిటి నౌకాదళాలూ కలిపితే లెక్కకు చాలా ఓడలున్నాయి. కాపలాకు ఒక్కొక్క సమయంలో వచ్చినవి మాత్రం రెండు మూడు. స్పెయిన్ తీర్మానానికి అడ్డు చెప్పలేదు, ఓడను మాత్రం పంపనన్నది. వచ్చిన కొద్ది ఓడలూ పని చేయలేదని ఎవరూ అనరు. 2024 ఆగస్టులో మంటలంటుకున్న సూనియన్ చమురు ఓడను సురక్షితంగా లాగుకు పోవడంలో వాటి కాపుదల ఉంది. కాని 2025 జూలైలో మేజిక్ సీస్, ఎటర్నిటీ సి అనే రెండు సరుకు ఓడలు కొద్ది రోజుల తేడాతో మునిగిపోయినప్పుడు దగ్గరలో కాపలా లేదు.

ఎవరి బలం వారి దగ్గరే ఉంచుకుంటే ఏమవుతుందో చూడడానికి యూరప్ దాకా పోనక్కరలేదు. పాకాల పక్కనే ఉంది. నేడు మామిడి కాయల లారీలు బారులు తీరే ఆ దామలచెరువు కనుమ దగ్గరే 1740 మే నెలలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ మరాఠాలను ఆపడానికి కాచుకున్నాడు. కొడుకు సఫ్దర్ అలీకి సేన ఉంది. అల్లుడు చందా సాహెబ్ చేతిలో తిరుచిరాపల్లి కోట, దానికి తగిన సేన ఉన్నాయి. ఇద్దరూ సకాలంలో రాలేదు. మరాఠాలు మరో దారిన చుట్టి వెనుక నుంచి పడ్డారు. నవాబు అక్కడే చనిపోయాడు. సఫ్దర్ అలీ కోటి రూపాయలు వాయిదాల మీద చెల్లిస్తానని ఒప్పుకొని బయటపడ్డాడు. ఏడాది తిరక్కుండానే 1741లో తిరుచిరాపల్లి కూడా పడిపోయి చందా సాహెబ్ ఖైదీగా సతారాకు పోయాడు. ముగ్గురి బలమూ కలిపితే రఘోజీ భోంస్లేను ఆపగలిగేవారా అంటే గట్టిగా చెప్పలేం. విడివిడిగా ఉండి ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు పోయినది మాత్రం జరిగిన లెక్క.

పొత్తు వద్దనేవారి వాదనలోనూ సరుకుంది. సేన ఉమ్మడిదైతే కదలమని చెప్పేదెవరు? ఎవరి బిడ్డ చావాలో పరాయి ఊళ్ళో నిర్ణయిస్తే ఏ దేశం ప్రజలు ఒప్పుకుంటారు? 1952 మే 27న ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గు ఆరూ ఒకే సేన పెట్టుకోవాలని పారిస్‌లో సంతకాలు చేశాయి. రెండేళ్ళు గడిచాక 1954 ఆగస్టు 30న ఆ ఆలోచన మొదట పుట్టించిన ఫ్రాన్సు పార్లమెంటే 319కి 264 ఓట్లతో దాన్ని పక్కన పెట్టింది. అప్పటి నుంచి ఆ మాట ఎత్తిన ప్రతిసారీ అక్కడికే వచ్చి ఆగుతున్నది. ప్రతి భాగస్వామికీ కాదనే హక్కు ఉన్న పొత్తు ఎలా నడుస్తుందో ఉక్రెయిన్ విషయంలో కనబడింది. హంగరీ ఒక్కటి అడ్డం తిరిగినందుకు కోట్ల యూరోల సాయం నెలల తరబడి నిలిచిపోయింది.

అయితే సేనను కలపడం వేరు, కొనుగోలును కలపడం వేరు. ఈ తేడాను వ్యాపారి పట్టుకున్నంత త్వరగా రాజకీయ నాయకుడు పట్టుకోలేడు. ఇటలీ మాజీ ప్రధాని ద్రాగి 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికను చూస్తే చాలు. అమెరికా తయారుచేసే యుద్ధ టాంకు ఒకే రకం. యూరప్‌లో వాడేవి 12 రకాలు. ఉక్రెయిన్‌కు పంపిన 155 మిల్లీమీటర్ల ఫిరంగులే పది రకాలు. గుండు కొలత పేరుకు ఒక్కటే, ఒక ఫిరంగికి నప్పినది ఇంకొకదానికి నప్పదు. మెట్రిక్ తూకాలు రాక ముందు మణుగు కథ ఇదే. పేరు అన్ని ఊళ్ళలోనూ మణుగే, తూకం మాత్రం ఊరికొకటి. బేరం కుదిరాక ఏ మణుగని తగువు. 1958లో మొదలుపెట్టి 1962 నాటికి కిలోలు తప్పనిసరి చేసేదాకా దళారికి ఆ తేడాలోనే లాభముండేది. యూరప్ ఆయుధ కంపెనీలకు కూడా ఈ రకాల తేడాలోనే లాభముంది. 2023 మార్చిలో ఏడాది లోపల పది లక్షల గుండ్లు ఇస్తామని ఉక్రెయిన్‌కు మాట ఇచ్చి గడువు నాటికి సుమారు సగమే ఇవ్వగలిగారంటే డబ్బు లేక కాదు, ఒక్క చేతి మీద ఆర్డరు లేక.

ఎవరికి వారు కొంటే చివరికి కొనేది బయటి దుకాణంలోనే. 2022 మధ్య నుంచి 2023 మధ్య వరకు యూనియన్ దేశాలు ఆయుధాల కొనుగోలుకు పెట్టిన డబ్బులో 78 శాతం బయటి దేశాలకు పోయింది. అమెరికా వాటాయే 63 శాతం. పక్కవాడితో కలవడం ఇష్టం లేనివాడు పెద్దవాడి సేనను కిరాయికి తెచ్చుకుంటాడు. నిజాం చేసింది అదే. 1798లో కంపెనీ సేనను ఖర్చులిచ్చి పెట్టుకుంటానన్నాడు. 1800 అక్టోబరు 12న ఆ ఖర్చు కింద కడప, బళ్ళారి ప్రాంతాలనే రాసిచ్చాడు. మదనపల్లె, వాయల్పాడు సీమ ఆ లెక్కలోనే కంపెనీ వారికి పోయి, కడప జిల్లాలో ఉండి, 1911లో చిత్తూరు జిల్లాలో కలిసింది. కాపలాదారు జీతం కింద భూమి అడగడం పాత కాలపు ముచ్చట అనుకోవడానికి లేదు. 2025లో అమెరికా అధ్యక్షుడు తన కూటమిలోని డెన్మార్కును గ్రీన్లాండ్ ఇమ్మని అడిగాడు.

ఆ తర్వాతనే యూరప్‌లో కదలిక హెచ్చినట్టు కనిపిస్తుంది. 2025 మే 27న సేఫ్ పేరుతో 15,000 కోట్ల యూరోల ఉమ్మడి అప్పు నిధి పెట్టారు. కలిసి కొనాలి, వస్తువు విలువలో 65 శాతం తమ వైపు తయారై ఉండాలి. ఇది సరైన దారే. కాని ఇక్కడా పొత్తు వ్యవహారం పొత్తు వ్యవహారమే: బ్రిటన్ చేరతానని వస్తే ప్రవేశ రుసుము దగ్గర బేరం తెగక నవంబరులో మాటలు విరిగిపోయాయి. మంచి నౌకాదళమున్న భాగస్వామిని రుసుము మీద పోగొట్టుకోవడం తెలివైన బేరం అనిపించుకోదు.

భూసేన ఒక్కటి చేయాలని పట్టుబడితే 1954 మళ్ళీ వస్తుంది. కొనుగోలు, నిల్వలు, సముద్రపు కాపలా ఈ మూడూ కలపడానికి ఎవరి జెండా దించనక్కరలేదు. సోమాలియా దొంగల మీద 2008 డిసెంబరు నుంచి అటలాంటా పేరుతో ఉమ్మడి కాపలా పెట్టి ఆ దారిని వారు బాగుచేసినవారే. రాత్రి కావలికి మండీలో కొట్టుకింతని చందా వేసుకున్నట్టు, ఓడకింతని దేశాల వాటా ముందే రాసుకుంటే ఆస్పిడెస్ రెండు మూడు ఓడలతో తంటాలు పడే అవసరముండదు. ఎవరి సరుకు ఎక్కువ పోతే వారి వాటా ఎక్కువ. జర్మనీ, నెదర్లాండ్స్ ఈ మాటకు ఇబ్బంది పడతాయి, పడవలసిందే.

ఈ లోగా ఎగుమతిదారులు యూరప్ నిర్ణయం కోసం కాచుకోవడం మంచిది కాదు. గుజ్జు ఒప్పందాల్లో సూయజ్ కిరాయి, ఆఫ్రికా చుట్టు కిరాయి రెండూ వేర్వేరుగా రాయించుకోవాలి. యుద్ధ భీమా పెరిగితే భరించేదెవరో బేరం నాడే తేల్చుకోవాలి. రేవు దాటాక ఈ మాట ఎత్తినవారికి జవాబు రాలేదు.