కొన్న కళ్ళు

దయ్యాల కథ అనగానే మనకు చింతచెట్టు, తెల్లచీర గుర్తుకు వస్తాయి. రాడ్ సెర్లింగ్ వ్రాసిన ‘నైట్ గ్యాలరీ’ టెలివిజన్ చిత్రంలో అవేవీ లేవు. 1969లో అమెరికాలో ప్రసారమైంది, కథలు మూడు. నడిమి కథకు దర్శకుడు 22 ఏళ్ళ స్పీల్‌బర్గ్.

పుట్టుగుడ్డి అయిన ఒక శ్రీమంతురాలు, అప్పులపాలైన జూదరి కళ్ళు కొంటుంది. దక్కే చూపు కొద్ది గంటలే. కట్లు విప్పిన రాత్రే న్యూయార్కులో దీపాలన్నీ ఆరిపోతాయి! ఆపరేషను విఫలమైందని ఆమె మండిపడుతుంది. తెల్లవారి సూర్యుడు కనిపించేసరికి గడువు తీరిపోతుంది.

ధనం కళ్ళను తెచ్చిందిగాని, వెలుతురును తేలేదు. సరే, ఆమెకు తగిన శాస్తి అనుకుందాం. మరి కళ్ళు అమ్ముకున్నవాడి మాటేమిటి? కథ ముగిసేసరికి నేనూ అతణ్ణి మరిచేపోయాను సుమండీ! నాకు భయం వేసింది అందుకే.